గట్టు మీది మందు, చేలోని కలుపు

తల్లాడ నుంచి కొత్తగూడెం వెళ్లే దారిలో ఉన్న జూలూరుపాడు మండలం మైదానానికీ భద్రాచలం అడవులకూ నడుమ ఒక అంచు వంటిది. 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో ఈ మండలం ఖమ్మం నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి చేరినది. ఒక పక్క పత్తి, మిరప, వరి చేలు. మరొక పక్క టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప చెట్లతో నిండిన ఆకురాల్చే అడవి. పాపకొల్లు, కాకర్ల, పడమట నర్సాపురం వంటి ఊళ్లతో పాటు కోయ గూడేలు, లంబాడా తండాలు ఈ రెండింటి మధ్య బ్రతుకుతున్నవి. తొలకరి పడిన రెండు మూడు వారాలకు ఈ ప్రాంతపు పొలం గట్ల మీద నేల ఉసిరి, అటికమామిడి, గుంటగలగర, ఉత్తరేణి, తుమ్మి వరుసగా మొలకెత్తుతాయి.

వ్యవసాయ కళాశాలలో కలుపు యాజమాన్యం చదివే విద్యార్థికి ఈ ఐదూ కలుపు మొక్కలు. ఆయుర్వేద కళాశాలలో ద్రవ్యగుణం చదివే విద్యార్థికి ఈ ఐదూ ఔషధాలు. గట్టు మీద కొడవలితో గడ్డి కోసే స్త్రీకి ఇవి రెండూ కావు, లేదా రెండూను. చేలో ఉంటే పీకివేస్తుంది, గట్టున ఉంటే ఉంచుతుంది, ఇంట్లో పసివాడికి దగ్గు వచ్చిన నాడు వెతికి తెస్తుంది. కలుపు అనే మాట వృక్షశాస్త్రానికి చెందినది కాదు. మొక్క ఎక్కడ నిలిచినదో చూసి రైతు ఇచ్చే తీర్పు అది. ఆ తీర్పులో చోటుకు ఉన్న విలువను విస్తరణ వ్యవస్థ క్రమంగా మరచిపోయినది. అడవి మూలికలను గురించి ఈనాడు జరుగుతున్న చర్చలో అందరూ అడవి నరికివేతను ప్రస్తావిస్తారు, అది న్యాయమే. కానీ సంప్రదాయ జీవితంలో మూలికల స్థానం మొదట చెదిరినది దట్టమైన అడవిలో కాదు, అడవికీ చేనుకూ మధ్యనున్న ఈ గట్ల మీద, పుంతల్లో, బీళ్లలో. ఆ చోటు గురించి సలహా ఇచ్చేది అటవీ శాఖ కాదు, వ్యవసాయ శాస్త్రవేత్తలే. కనుక బాధ్యతలో ముఖ్య భాగం కూడా వారిదే.

మూలిక అనగానే సీసాలో పోసిన కషాయమో, పొట్లం కట్టిన చూర్ణమో గుర్తుకు రావడం పట్టణపు అలవాటు. పల్లెలో మందుకూ కూరకూ పండుగకూ మధ్య గీత అంత స్పష్టంగా ఉండదు. తెలంగాణలో వినాయక చవితి నాడు తుమ్మికూర వండుతారు. పొన్నగంటి, చెంచలి వానకాలపు కూరలు. బతుకమ్మకు పేర్చే గునుగు వృక్షశాస్త్రంలో సెలోసియా అర్జెంటియా. ఖరీఫ్ మెట్ట పంటల కలుపు జాబితాలో దానికి స్థిరమైన చోటు ఉన్నది. ఆ పక్కన పేర్చే తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం, తోళ్లు ఊనేందుకు బెరడునిచ్చిన పొద, మధుమేహానికి పల్లె వైద్యంలో వాడే పువ్వు. కలుపు మందులు పెరిగిన కొద్దీ గునుగు చేలలో దొరకక, బతుకమ్మ ముందు రోజు దాన్ని కట్టలు కట్టి బజారులో అమ్మడం కనిపిస్తున్నది. కలుపు మొక్కకు ధర పలకడం కలుపు శాస్త్రంలో ఏ అధ్యాయం కిందికి వస్తుందో ఆలోచించదగిన విషయమే.

గట్టు దాటి అడవిలోకి వెళ్తే మొక్కలు మారతాయి, వాటి బరువు కూడా మారుతుంది. నేలవేము, తిప్పతీగ, సుగంధిపాల, పిల్లిపీచర, పొడపత్రి, నేలతాడి, పాలకొడిశ, మారేడు, కరక్కాయ, తానికాయ, నల్లజీడి, ముష్టి. భద్రాచలం ఏజెన్సీ చిరకాలంగా మలేరియా పీడిత ప్రాంతం. రోడ్డు, ఆసుపత్రి లేని రోజుల్లో ఇక్కడి మనుషులను ఎక్కువగా వేధించినవి జ్వరం, రక్త విరేచనాలు. అందుకే జ్వరానికి నేలవేము, విరేచనాలకు పాలకొడిశ బెరడు, మారేడు పిందె అన్న జ్ఞానం ఏ ఒక్క వైద్యుని సొత్తుగానో కాక ఇంటింటి జ్ఞానంగా నిలిచినది. వడ్డెలు, మందు తెలిసిన పెద్దలు చూసే క్లిష్టమైన వైద్యం వేరు. అమ్మమ్మలు చేసే రోజువారీ వైద్యం వేరు. పరిశోధకులు సాధారణంగా మొదటి వారి దగ్గరికే వెళ్తారు. రెండవది నమోదు కాకుండానే పోతున్నది.

ఇక్కడ పాలకొడిశను కొంచెం ఆగి చూడవలసి ఉన్నది. ఆయుర్వేదంలో కుటజగా ప్రసిద్ధమైన ఈ చెట్టు హొలరీనా జాతికి చెందినది. దీనిని పోలిన మరొక చెట్టు అంకుడు, అనగా రైటియా టింక్టోరియా. ఏటికొప్పాక బొమ్మలు చేసేది ఆ కర్రతోనే. ఆకు, పాలు, కాయ చూసి తికమకపడటం సులభం. మూలికల బజారులో కుటజ బెరడుకు అంకుడు బెరడు కలపడం తెలిసిన కల్తీయే. ఉత్తరాది మందుల దుకాణాల్లో వీటి గింజలను చేదు ఇంద్రజవలు, తీపి ఇంద్రజవలు అని వేరుచేస్తారు. అడవిలో తిరిగేవారికి పుస్తకం అవసరం లేదు, నాలుక చాలు: చేదుదే మందు. వృక్ష నమూనా పత్రంలో అతికించిన ఎండుకొమ్మ నుంచి ఆ చేదు తెలియదు. గలిజేరు పేరుతోనూ ఇదే చిక్కు. తెల్ల గలిజేరు, ఎర్ర గలిజేరు అన్న పేర్లు ఒక్కో ప్రాంతంలో ఒక్కో మొక్కకు చెల్లుతాయి. పునర్నవగా వాడవలసిన అటికమామిడి వేరుకు బదులు ట్రయాంథిమా వేరు సంచుల్లోకి చేరుతుంది. కాబట్టి స్థానిక నామం, శాస్త్రీయ నామం, ఉపయోగం అనే మూడు గడుల పట్టికతో ముగిసే సర్వే పని పూర్తయినట్లు కాదు, మొదలైనట్లు కూడా కాదు.

పట్టికలు విడిచిపెట్టేది ఏమిటో ప్రపంచానికి తెలిసిన ఒక ఉదాహరణ చెబుతుంది. మలేరియాకు నేడు వాడే ఆర్టెమిసినిన్‌కు మూలమైన మొక్క చైనా ప్రాచీన వైద్యంలో శతాబ్దాలుగా తెలిసినదే. 1970 దశకం తొలినాళ్లలో తూ యూయూ బృందం దాని సారాన్ని పరీక్షించగా ఫలితాలు నిలకడగా రాలేదు. నాలుగవ శతాబ్దపు ఒక వైద్య గ్రంథంలో ఆ మొక్కను మరిగించమని కాక నీటిలో నానబెట్టి పిండి రసం తాగమని ఉండటం ఆమె గమనించినది. వేడి వల్ల గుణం చెడుతున్నదని ఊహించి, తక్కువ ఉష్ణోగ్రతలో మరిగే ఈథర్‌తో 1971లో సారం తీసినది. ఫలితం దక్కినది, 2015లో నోబెల్ బహుమతి కూడా వచ్చినది. మొక్క పేరు అందరికీ తెలుసు. పని చేసినది పద్ధతి. ఏ నెలలో తీయాలి, లేత భాగమా ముదురుదా, పచ్చిదా ఎండుదా, నానబెట్టాలా కాచాలా, ఎన్ని రోజులు ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అన్నవే జ్ఞానంలో సారభాగం. జూలూరుపాడు అంచులో అమ్మమ్మ చెప్పేది కూడా ఎక్కువగా ఇదే. సర్వే పత్రంలో దీనికే గడి ఉండదు.

ఇంత చెప్పినంత మాత్రాన పల్లె వైద్యమంతా నిర్దోషమని భావించనవసరం లేదు. అలా భావించే వ్యాసాలు మూలికలకు మేలు కంటే కీడే ఎక్కువ చేస్తున్నవి. ముష్టి గింజలో స్ట్రిక్నిన్ ఉన్నది, అడవినాభి దుంపలో కోల్చిసిన్ ఉన్నది. మోతాదు తప్పితే రెండూ ప్రాణం తీస్తాయి. నల్లజీడి రసం చర్మాన్ని కాల్చివేస్తుంది. పాము కరచినపుడు పసరు పోస్తూ గడిపిన గంట ఆసుపత్రికి చేరవలసిన గంట. నేల ఉసిరి విషయంలో 1988లో మద్రాసు పరిశోధకులు లాన్సెట్ పత్రికలో ప్రచురించిన ఫలితాలు హెపటైటిస్-బి వాహకులకు ఆశ కల్పించినవి. తరువాత ఇతర చోట్ల జరిగిన పరీక్షలు ఆ ఫలితాన్ని నిలకడగా చూపలేదు. ఫిల్లాంథస్‌లో ఒకే పేరుతో చెలామణి అయ్యే జాతులు పలు ఉండటం ఆ చర్చలో ఒక భాగం. 2021లో ముంబయి వైద్యులు తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను నివేదించారు. అది అసలు తిప్పతీగ కాక దానిని పోలిన మరొక జాతి అయి ఉండవచ్చునని ఆయుష్ మంత్రిత్వ శాఖ అభ్యంతరం చెప్పినది. ఎవరి వాదన నిజమైనా, మొక్కను సరిగా గుర్తించే నైపుణ్యం ఎంత అవసరమో రెండు వైపుల వాదనా ఒప్పుకొంటున్నది. కరోనా కాలంలో పట్టణవాసులు గోడ పక్కనున్న ఏదో తీగను తెచ్చి కాచుకున్నారు. గూడెంలో తీగను గుర్తుపట్టి తెచ్చే మనిషి వేరు.

ఆ మనిషికి అడవితో ఉన్న సంబంధం కొలతతో కూడినది. కోయల కొత్తల పండుగలు ఇందుకు నిదర్శనం. పండుగ జరిగి, దేవతకు పెట్టిన తరువాతనే ఆ ఏటి కొత్త కాయ, కొత్త పువ్వు, కొత్త గింజ నోట పెట్టాలన్నది నియమం. దీనిని మతాచారంగా మాత్రమే నమోదు చేసి వదలివేయడం పరిపాటి. పంట పక్వానికి రాకముందే అడవిని దులిపివేయకుండా ఆపే కాలనియమం అది అన్న విషయం ఉద్యాన శాస్త్రం చదివినవారికి వెంటనే తోచవలసినది. ఇంటి కషాయానికి చాలినంత బెరడు తీసే చేయి చెట్టును చంపదు. కిలోల లెక్క వచ్చినపుడే చిక్కు. నరమామిడి బెరడు విరిగిన ఎముకలకు కట్టే పట్టుగా పల్లెల్లో పేరు పొందినది; అదే బెరడు పొడి అగరువత్తులకు జిగటగా పనికివస్తుందని తెలిసిన తరువాత, చెట్టు చుట్టూ ఒలిచివేయడం మొదలై ఏజెన్సీ అడవుల్లో నరమామిడి అరుదైపోయినది. మందుగా ఉన్నన్నాళ్లు బ్రతికిన చెట్టు సరుకుగా మారి చచ్చినది.

సరుకు కావడమే తప్పని దీని అర్థం కాదు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కరక్కాయ, ముష్టి గింజ, చిల్లగింజ, నల్లజీడి, ఇప్పపువ్వు, తేనె, తపసి బంక కొని ఏజెన్సీ కుటుంబాలకు కొంత నగదు అందించినది. తపసి బంక కథ విస్తరణ విద్యార్థులు తప్పక తెలుసుకోవలసినది. గొడ్డలితో లోతైన గాట్లు పెట్టి బంక తీయడం వల్ల చెట్లు ఎండిపోయేవి, బంకలో బెరడు ముక్కలు కలిసి ధర పడిపోయేది. గిరిజన సహకార సంస్థ, విశాఖపట్నంలోని కోవెల్ ఫౌండేషన్ వంటి సంస్థలు సేకరించేవారికి చిన్న పరికరంతో పైపైన గాటు పెట్టడం, చెట్టుకు విరామం ఇవ్వడం, బంకను శుభ్రపరచి రకాలుగా వేరుచేయడం నేర్పినవి. చెట్టూ మిగిలినది, ధరా పెరిగినది. ఇది కొత్త వంగడం కాదు, ఎరువు కాదు. చేతి పని మీద జరిగిన విస్తరణ. మిగిలిన మూలికల్లో బెరడుకు, వేరుకు, దుంపకు ఇటువంటి పని ఎందుకు విస్తరించలేదన్నది అడగవలసిన ప్రశ్న. దానికి బదులు మూలికలంటే సాగు అన్న మాటే ఎక్కువగా వినిపించినది. అశ్వగంధకో, నిమ్మగడ్డికో రాయితీ ఇచ్చినంత మాత్రాన జూలూరుపాడు అడవిలోని పాలకొడిశకు కలిగే లాభం ఏమీ లేదు. సాగు పథకం మార్కెట్టుకు జవాబు, గూడేనికి కాదు.

ఇప్పుడు మళ్లీ గట్టు దగ్గరికి రావలసి ఉన్నది. పత్తిలో విత్తిన తరువాత తొలి అరవై రోజులు కలుపు పోటీ తీవ్రమైనది; అందులో సందేహం లేదు. కూలీల ఖర్చు భరించలేక రైతు కలుపు మందును ఆశ్రయిస్తున్నాడు. అతనిని నిందించి ప్రయోజనం లేదు. కాని గట్టు సంగతి వేరు. గ్లైఫోసేట్‌కు దేశంలో ఉన్న అనుమతి తేయాకు తోటలకు, పంట వేయని ప్రదేశాలకు మాత్రమే. కలుపు మందును తట్టుకునే అక్రమ పత్తి విత్తనాలు వ్యాపించడంతో 2018లో తెలంగాణ ప్రభుత్వం దాని అమ్మకంపై ఆంక్షలు పెట్టినది; 2022 అక్టోబరులో కేంద్రం తెగుళ్ల నియంత్రణ నిర్వాహకుల ద్వారా తప్ప వాడరాదని ఉత్తర్వు ఇచ్చినది. ఈ ఆంక్షలన్నీ చేను గురించి, మనిషి ఆరోగ్యం గురించి ఆలోచించినవే. పంట వేయని ప్రదేశం అన్న మాట లేబుల్ మీద అలాగే మిగిలినది. ఖమ్మం ప్రాంతపు పల్లెలో పంట వేయని ప్రదేశమంటే గట్టు, పుంత, బీడు, చెరువు కట్ట. అంటే మందు మొక్కలు నిలిచిన చోటు. చట్టం దృష్టిలో అది ఖాళీ నేల.

గట్లను శుభ్రంగా ఉంచమన్న సలహాకు శాస్త్రీయ కారణం లేకపోలేదు. తుత్తురు బెండ, వయ్యారిభామ వంటివి పత్తిపై పిండినల్లికి, తెల్లదోమకు ఆశ్రయమిస్తాయి. సమగ్ర సస్యరక్షణలో వాటిని తొలగించమనడం సరైనదే. తుత్తురు బెండ కూడా ఔషధ మొక్కే కనుక ఇక్కడ నిజమైన ఘర్షణ ఉన్నదని ఒప్పుకోవాలి. కాని రెండు మూడు జాతుల కోసం ఇచ్చిన సలహా రైతు చెవికి చేరేసరికి గట్టంతా మాడ్చివేయమన్న సలహాగా మారుతున్నది. ఏ మొక్కను పీకాలో పేరుపెట్టి, పూతకు ముందే చేతితో పీకమని, మిగిలినదానిని వదలమని చెప్పడానికి పెద్ద పరిశోధన అవసరం లేదు. మిత్రపురుగులకు పూతేనె, తలదాచుకొనే చోటు ఇచ్చేది కూడా ఆ మిగిలిన గట్టే అని సస్యరక్షణ శాస్త్రం ఎప్పటినుంచో చెబుతున్నది. పైగా జామాయిల్ తోటలు విస్తరించిన చోట్ల కింద మొలిచే పొదలు, గడ్డలు పలచబడినవి. వయ్యారిభామ, లాంటానా మిగిలిన చోటును ఆక్రమిస్తున్నవి. అడవి అంచు ఇలా కుంచించుకుపోతున్నపుడు చేను గట్టే చిన్న మొక్కలకు చివరి ఆశ్రయం కావచ్చు.

ఇక నమోదు సంగతి. ఏటా చివరి సంవత్సరం వ్యవసాయ విద్యార్థులు గ్రామీణ పని అనుభవ కార్యక్రమంలో పల్లెల్లో కొన్ని నెలలు గడుపుతారు. నేల, పంట, ఆదాయం లెక్కలతో పాటు వారి చేత గట్టు, బీడు మొక్కల నమోదు చేయించడం కష్టం కాదు. అశ్వారావుపేట వ్యవసాయ కళాశాల ఈ అడవి అంచులోనే ఉన్నది. కాని అలా సేకరించినది ఎవరిది అన్న ప్రశ్న ముందు తేలాలి. 2006 అటవీ హక్కుల చట్టంలోని సెక్షన్ 3(1)(సి) చిన్నతరహా అటవీ ఫలసాయంపై సేకరణ, వినియోగ, విక్రయ హక్కులను, సెక్షన్ 3(1)(కె) జీవవైవిధ్యానికి, సంప్రదాయ జ్ఞానానికి సంబంధించిన సామూహిక హక్కును అటవీ వాసులకు గుర్తించినవి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రతి స్థానిక సంస్థలో యాజమాన్య కమిటీని, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును కోరినది. వాటిని పూర్తిచేయడానికి జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి 31ని గడువుగా పెట్టినది. గడువు కోసం నింపే రిజిస్టరులో మొక్కల పేర్లు ఉంటాయి, మనుషులు ఉండరు.

2023 సవరణ ఈ విషయాన్ని మరింత సున్నితం చేసినది. గ్రంథస్థమైన సంప్రదాయ జ్ఞానానికి, ఆయుష్ వైద్యులకు ప్రయోజన పంపిణీ బాధ్యత నుంచి మినహాయింపు లభించినది. గ్రంథాల్లో లేని మౌఖిక జ్ఞానానికే రక్షణ మిగిలినది. అది మౌఖికమని, ఫలానా గూడెంలో ఫలానా కాలానికి ఉన్నదని చూపే ఆధారం లేకపోతే ఆ రక్షణ కాగితం మీదిదే. కేరళలో కాణి తెగవారి అనుభవం ఇక్కడ గుర్తుచేసుకోదగినది. 1987లో అగస్త్యమలై అడవుల్లో శాస్త్రవేత్తలకు దారి చూపిన కాణి యువకులు అలసట తీరడానికి తిన్నవి ఆరోగ్యపచ్చ కాయలు; ఆ మొక్క నుంచే జీవని అనే మందు తయారైనది. తిరువనంతపురం వద్దనున్న ఉష్ణమండల వృక్షోద్యాన సంస్థ 1995లో దానిని కోయంబత్తూరు ఆయుర్వేద సంస్థకు ఇచ్చి, వచ్చిన రుసుములో, రాయల్టీలో సగం కాణిలకు ఇవ్వడానికి అంగీకరించినది. ఒప్పందంలో లోపాలున్నవి, తెగలో అందరినీ అడగలేదన్న విమర్శ ఉన్నది. అయినా ఎవరి జ్ఞానమో తేల్చి చెప్పడం వల్లనే ఆ సగం అన్న మాట సాధ్యమైనది. విశ్వవిద్యాలయ పత్రికల్లో వెలువడే మూలికా సర్వేల్లో చివర ఒక పంక్తి కృతజ్ఞత తప్ప గూడేనికి తిరిగి వెళ్లేది సాధారణంగా ఏమీ ఉండదు. వ్యాసం ప్రతి కూడా వెళ్లదు.

కనుక విద్యార్థి చేతికిచ్చే పుస్తకం కొంచెం వేరుగా ఉండాలి. ముందు గ్రామసభ అనుమతి. సమాచారం ఇచ్చినవారు చదవగలిగిన తెలుగులో, చదవలేనివారికి వినిపించి, మొదటి ప్రతి గ్రామసభలోనే ఉంచడం. మొక్కకు నమూనా, ఫోటోతో పాటు రుచి, వాసన, పాల రంగు వంటి గుర్తులు. తీసే నెల, తీసే భాగం, తయారు చేసే తీరు, ఎవరికి ఇవ్వరాదు, ఏ లక్షణం కనబడితే ఆసుపత్రికి పంపాలి అన్న గడులు. గట్టుదా, బీడుదా, లోపలి అడవిదా. పది, ఇరవై ఏళ్ల కిందట ఎంత దూరం నడిస్తే దొరికేది, ఇప్పుడు ఎంత దూరం. ఈ చివరి గడి ఒక్కటి నిజాయితీగా నిండితే అడవి అంచు ఎంత వెనక్కి జరిగినదో ఏ ఉపగ్రహ చిత్రమూ చెప్పనంత స్పష్టంగా తెలుస్తుంది.

కొన్ని మందుల గురించి పెద్దలు చెప్పరు. చెబితే గుణం పోతుందని కొందరంటారు; అడిగినవాడు అమ్ముకుంటాడని మరికొందరంటారు. రెండవ కారణానికి చరిత్రలో కావలసినంత ఆధారం ఉన్నది. అటువంటి చోట విద్యార్థి నాలుగు సార్లు తిరిగి ఒత్తిడి చేయడం, మరొకరి ద్వారా రాబట్టడం పరిశోధన కాదు. ఆ గడిలో చెప్పదలచుకోలేదు అని రాసి, దానిని ఖాళీగా కాక పూర్తయిన నమోదుగా లెక్కించి మార్కులు వేయడానికి పర్యవేక్షక ఆచార్యులు సిద్ధపడవలసి ఉంటుంది.